జిన్నీని ఎవరూ దండించలేదు

సంపాదకులకు నమస్కారం.

దయ్యాలు, మంత్రాలు ఉన్న నవలలు పిల్లల బుద్ధిని పాడుచేస్తాయని, వాటిని బడి గ్రంథాలయాల్లోకి రానీయకూడదని వాదించేవారు మా కడపలోనూ ఉన్నారు. ఇంటర్ చదివే మనవరాలి పోరు పడలేక, జె.కె. రౌలింగ్ 1998లో వెలువరించిన 'హ్యారీ పోటర్ అండ్ ది చాంబర్ ఆఫ్ సీక్రెట్స్' చదివిన నేను ఆ వాదనతో ఏకీభవించలేకపోతున్నాను. (సాలీళ్ల ఘట్టం నాకు విసుగు పుట్టించింది, అది వేరే సంగతి.)

ఇల్లు విడిచి హాస్టల్ బడిలో చేరిన పదకొండేళ్ల జిన్నీ, తన పుస్తకాల మధ్య దొరికిన ఒక పాత డైరీలో, అన్నలు ఏడిపిస్తున్నారనీ, ఎవరో వాడి వదిలేసిన బట్టలు, పుస్తకాలతో బడికి రావలసి వచ్చిందనీ రాసుకుంటుంది. రాసిన సిరా కాగితంలోకి ఇంకిపోయి, ఆ చోటే ఓదార్పుగా జవాబు తేలుతుంది. అంత ఓపికగా వినే ఆ నేస్తం క్రమంగా ఆమె మనసునే లోబరచుకుంటాడు. అనుమానం వచ్చి ఆ డైరీని ఒకసారి పారేసినా, అది కథానాయకుడు హ్యారీ చేతిలో పడిందని తెలియగానే, తన గుట్టు బయటపడుతుందన్న భయంతో తిరిగి దొంగిలిస్తుంది. ఒక ఉదయం భోజనశాలలో విషయం చెప్పబోతుంది కూడా. అంతలో అన్న రావడంతో లేచి వెళ్లిపోతుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన అపరిచితుడికి అన్నీ చెప్పుకొని, బెదిరింపులు మొదలయ్యాక కూడా నోరు విప్పని మన పిల్లల స్థితి దీనికి భిన్నమైనదేమీ కాదు. సైబర్ మోసాలపై ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది, నిజమే. కానీ ఇంట్లో చెబితే వీపు విమానం మోత మోగుతుందని భయపడే పిల్ల ఆ నంబరుకు మాత్రం ఏ ధైర్యంతో ఫోన్ చేస్తుంది?

అంతా బయటపడ్డాక జిన్నీ తనను బడి నుంచి తీసేస్తారని ఏడుస్తుంది. ఆలోచించగలిగే వస్తువు కనిపిస్తే, దాని మెదడు ఎక్కడుందో తెలియకుండా నమ్మవద్దని చెప్పలేదా అని తండ్రి మందలిస్తాడు. ప్రధానోపాధ్యాయుడు డంబుల్‌డోర్ మాత్రం, ఆమెకంటే పెద్దవాళ్లు, తెలివైనవాళ్లు కూడా ఆ మాయగాడి చేతిలో మోసపోయారని, శిక్ష ఏదీ ఉండదని చెప్పి, విశ్రాంతి తీసుకోమని, వేడివేడి చాక్లెట్ పానీయం తాగమని పంపిస్తాడు.

కావున జిల్లాలోని గ్రంథాలయాల బాలల విభాగాల్లో ఈ నవలను అందుబాటులో ఉంచవలసిందిగా అధికారులను, తల్లిదండ్రుల సమావేశాల్లో మార్కుల ప్రస్తావనకు ముందు ఈ ఘట్టాన్ని చదివి వినిపించవలసిందిగా ప్రధానోపాధ్యాయులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కడప.