గనుల లెక్కలో కార్మికుల ఊపిరితిత్తులనూ చేర్చండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా దగ్గరి సైదాపురంలో దొరికే పలుగురాయికి (క్వార్ట్జ్) గిరాకీ పెరిగినప్పటి నుంచి పేపర్లో గనుల వార్తలు తరచూ చూస్తున్నాం. సీనరేజి (తవ్విన ఖనిజం మీద ప్రభుత్వానికి కట్టే రుసుము) ఎంత వచ్చింది, ఎవరు ఎంత ఎగ్గొట్టారు అనేవే ఎక్కువ. అవీ రావాల్సిన వార్తలే. 2015 ఫిబ్రవరిలో కేంద్రం క్వార్ట్జ్, మైకా (అభ్రకం) సహా 31 ఖనిజాలను మైనర్ మినరల్స్‌గా ప్రకటించింది. 2025 ఫిబ్రవరిలో ఈ రెంటినీ మళ్లీ మేజర్ మినరల్స్‌లో చేర్చేదాకా వాటి మీద రేటు పెట్టిందీ, వసూలు చేసుకున్నదీ రాష్ట్రమే. కాబట్టి ప్రతి టన్నుకూ లెక్క ఉండాల్సిందే. ఆ రాయి కొట్టిన మనిషికి పడే నష్టం మాత్రం ఏ పద్దులోనూ కనపడదు.

నాకు గూడూరులో మెడికల్ షాపు ఉంది. గని పనికి వెళ్లేవాళ్లను చేతులు చూసే గుర్తుపడతాను. గోళ్ల సందుల్లో ఆ తెల్లపొడి ఎంత కడిగినా పోదు. వాళ్లలో ఒకతనికి ఇంకా నలభై నిండలేదు. రెండేళ్లుగా దగ్గు సిరప్ కోసం వస్తున్నాడు. టీబీ అని చెబితే ఆరు నెలల కోర్సు ఒక్క పూట కూడా మానకుండా వాడాడు. ఆయాసం ఇంకా పెరిగింది. మా షాపుకు ఉన్నవి మూడే మెట్లు. అవి ఎక్కి, కౌంటర్ పట్టుకుని కాసేపు నిలబడితే గానీ అతనికి మాట రావడం లేదు. చివరికి నెల్లూరులో ఒక డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇది రాతిపొడి వల్ల వచ్చిన సిలికోసిస్ అని చెప్పారట. పాడైన ఊపిరితిత్తులను బాగుచేసే మందు లేదు. పరిహారం అడుగుదామంటే ఏ గనిలో ఎన్నాళ్లు చేశాడో కాగితం కావాలి. రోజు కూలి చేతికిచ్చి పంపేచోట మస్టర్‌లో (హాజరు పట్టీలో) పేరెవరు రాస్తారు? ఇప్పుడు అదే పనికి అతని భార్య వెళ్తోంది. ఆమెకు దగ్గు మందు ఇచ్చే రోజు రాకూడదని నా భయం.

సిలికోసిస్ గురించి ప్రభుత్వాలకు తెలియక కాదు. 1952 గనుల చట్టం కిందే అది తప్పనిసరిగా అధికారులకు తెలియజేయాల్సిన వ్యాధిగా ఉండేది. రాజస్థాన్ 2019లో దీని మీద ప్రత్యేక విధానమే తెచ్చింది. మెడికల్ బోర్డు వ్యాధిని నిర్ధారిస్తే రోగికి 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షలు, నెలనెలా పెన్షన్ ఇస్తోంది. అక్కడ చేయగలిగింది ఇక్కడ ఎందుకు కాదు?

డబ్బు లేదనడానికీ వీల్లేదు. గని యజమానులు కట్టే సొమ్ముతో నడిచే జిల్లా ఖనిజ ఫౌండేషన్ ఉన్నదే గనుల వల్ల నష్టపోయిన మనుషుల కోసం, ఊళ్ల కోసం. చట్టంలో రాసిన మాటే అది. నిధుల ఖర్చులో తాగునీరు, ఆరోగ్యం ముందుండాలని మార్గదర్శకాలూ చెబుతున్నాయి. రోడ్లూ భవనాలూ వద్దనను, అవీ కావాలి. వాటికి వేరే పద్దులున్నాయి. ఈ రోగులకు ఇదొక్కటే ఉంది.

కలెక్టర్ అధ్యక్షతన జరిగే ఫౌండేషన్ సమావేశంలో ఈ విషయం చర్చకు రావాలి. క్వార్ట్జ్, మైకా గనులున్న ప్రతి మండలంలో పనివాళ్లందరికీ ఏడాదికోసారి ఉచితంగా ఎక్స్‌రే తీయాలి. టీబీ అని మందులు రాసేముందు ఏం పని చేస్తారని అడిగి కార్డులో రాయాలి. మస్టర్ లేదన్న కారణంతో పరిహారం ఆపకుండా, తోటి పనివాళ్ల సాక్ష్యాన్ని ఒప్పుకోవాలి. డ్రిల్లింగ్ చేసేటప్పుడు పొడి లేవకుండా నీళ్లు కొట్టడం తప్పనిసరి చేసి, తనిఖీకి మనుషుల్ని పంపాలి.

ఇట్లు,
ఒక మెడికల్ షాపు యజమాని,
గూడూరు