పిల్లల విరేచనాలకు ఏ వైరస్ కారణమో లెక్క ఉండొద్దా?

సంపాదకుడు గారికి,

వానాకాలం వస్తే డెంగీ కేసుల వార్తలు మీ పేపర్లో దాదాపు రోజూ చదువుతున్నాం. ఏ ప్రాంతంలో ఎన్ని, పోయినేడాది కంటే ఎక్కువా తక్కువా, అన్నీ వేస్తున్నారు, మంచిదే. మరి చలికాలంలో వాంతులు, విరేచనాలతో పిల్లల వార్డులు నిండిపోతున్నాయి కదా, ఆ పిల్లల లెక్క ఎక్కడా ఎందుకు కనపడదు? జనవరిలో మా మనవడితో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఈ ప్రశ్న పుట్టింది, అప్పటి నుంచి మనసులోంచి పోవడం లేదు, అందుకే రాస్తున్నా. నేను డాక్టర్‌ని కాను. ముప్పై ఏళ్లు సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను.

వాడికి అప్పుడు పదకొండు నెలలు. రాత్రి రెండింటికి వాంతులతో మొదలైంది, తెల్లారేసరికి నీళ్లలాగా విరేచనాలు, ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. మా అమ్మాయేమో పళ్లొస్తున్నాయి అందుకేనేమో అంది, పక్కింటావిడ దిష్టి తీయమంది, నేను గంజిలో ఉప్పు వేసి చెంచాతో పట్టాను, తాగిందంతా కక్కేశాడు. మధ్యాహ్నానికి ఏడుస్తున్నాడు గానీ కంట్లో చుక్క నీరు లేదు, మూత్రం పోసి ఎంతసేపైందో మా ఇద్దరిలో ఎవరం చెప్పలేకపోయాం. ఒళ్లో పడుకోబెట్టుకుని తల నిమురుతుంటే మాడు దగ్గర వేలు కిందికి దిగింది, అక్కడ చిన్న గుంట, ఒంట్లో నీళ్లు ఇంకిపోయాయనడానికి గుర్తు. దాంతో నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఉన్నపళంగా ఆటో ఎక్కాం.

ఏ ఆసుపత్రో పేరు రాయను, ఎందుకంటే అక్కడి నర్సమ్మలు, డాక్టర్లు మా వాణ్ని బాగానే చూశారు, సెలైన్ ఎక్కిన ఆరేడు గంటలకు వాడు కళ్లు తెరిచి తల్లి వైపు చూశాడు, ఆ మేలు మర్చిపోలేను. నేను చెప్పేది వేరు. మర్నాడు రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్ గారు "వైరల్ విరేచనాలమ్మా, ఈ సీజన్లో మామూలే" అన్నారు. ఏ వైరస్ సార్ అని అడిగాను. "ఏదైతే ఏముందమ్మా, వైద్యం ఒక్కటే" అన్నారు. ఆయన చెప్పింది నిజమే. పోయిన నీళ్లు, ఉప్పు తిరిగి ఒంట్లోకి ఎక్కించడం, జింక్ ఇవ్వడం, తల్లి పాలు ఆపకపోవడం, ఇంతకు మించి మందు లేదు, వైరస్ మీద యాంటీబయాటిక్స్ పనిచేయవు. కానీ మంచం మీదున్న ఆ ఒక్క పిల్లాడికి తేడా లేకపోవచ్చు గానీ, ఇంత పెద్ద ఊరికి తేడా ఉంటుంది కదా. డిశ్చార్జి కాగితం మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు రాసి ఇచ్చారు, ఏజీఈ. కడుపు, పేగులకు ఉన్నట్టుండి వచ్చిన వాపు అని అర్థమట. వార్డులో అందరి కాగితాల మీదా అవే మూడు అక్షరాలు.

ఇంటికొచ్చాక దీని గురించి దొరికినంత చదివాను, డాక్టరీ చదువుతున్న మా చెల్లెలి కొడుకును విసిగించి మరీ అడిగాను. చిన్నపిల్లల్లో ఇలా వాంతులు, విరేచనాలు తెచ్చే వైరస్‌లు ముఖ్యంగా నాలుగైదు ఉన్నాయి. రోటా, నోరో, ఆస్ట్రో, సాపో, అడెనోలో కొన్ని రకాలు. అన్నిటికంటే ప్రమాదకరమైంది రోటా. 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్లు విరేచనాలతో ఉన్న పిల్లల పేగు ముక్కల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి దీన్ని కనిపెట్టారు, చూడ్డానికి బండి చక్రంలా ఉంటుంది కాబట్టి లాటిన్లో చక్రం అనే అర్థం వచ్చే రోటా అనే పేరు దానికి తర్వాత వచ్చింది. మన దేశంలో టీకా రాకముందు, 2005 నుంచి కొన్నేళ్ల పాటు చాలా ఆసుపత్రుల్లో విరేచనాలతో చేరిన ఐదేళ్లలోపు పిల్లల మలం పరీక్ష చేస్తే నూటికి దాదాపు 40 మందిలో రోటాయే కనపడింది. ఏటా 8 లక్షల 70 వేల మంది పిల్లలు దీంతో ఆసుపత్రుల్లో చేరేవాళ్లని, 78 వేల మంది దాకా చనిపోయేవాళ్లని అప్పటి అంచనా. ఆ రెండో సంఖ్య చదివి నేను కాసేపు కాగితం పక్కన పెట్టేశాను.

ఇది మురికివాడల జబ్బు అని చాలామంది అనుకుంటారు, మా అపార్ట్‌మెంట్లో ఒకావిడ "మేం ఆర్ఓ నీళ్లే తాగుతాం, మాకెందుకు వస్తుంది" అంది. మంచి నీళ్లు ఉండాల్సిందే, దాని మీద రాజీ లేదు. కానీ కుళాయి నీళ్లు నేరుగా తాగే అమెరికాలో కూడా 2006లో టీకా రాకముందు ఏటా 55 వేల నుంచి 70 వేల మంది పిల్లలు రోటాతో ఆసుపత్రి పాలయ్యేవాళ్లు. జబ్బు పడ్డ పిల్లాడి మలం ఒక్క గ్రాములో వేల కోట్ల వైరస్‌లు ఉంటాయి, కొత్త పిల్లాడికి అంటుకోవడానికి వాటిలో పదో వందో చాలు. డైపర్ మార్చిన చేయి, నేల మీద దొర్లిన బొమ్మ, మంచం కడ్డీ, ఇవన్నీ దారులే. ఆర్ఓ ఫిల్టర్ వీటినేం ఆపుతుంది?

ఇప్పుడు టీకా సంగతి. మా వాడికి ఆరు, పది, పద్నాలుగు వారాలకు మూడు సార్లూ రోటా చుక్కలు వేయించాం, కార్డు మీద తేదీలున్నాయి. అది తెలిసిన చుట్టాలు ఒకరు, "చూశారా, టీకా వేయించినా వచ్చింది, ఏం లాభం" అన్నారు, ఆ మాట ఫోన్లో ఇంకో పది మందికి చేరింది, అందులో ఒక కోడలు తన బిడ్డకు మూడో డోసు వేయించాలా వద్దా అని నన్నే అడిగింది. నాకు బాధేసింది. మా వాడికి వచ్చింది రోటాయో నోరోయో ఎవరికీ తెలియదు, ఎవరూ పరీక్ష చేయలేదు. నోరో అయితే ఈ చుక్కలకూ దానికీ సంబంధమే లేదు, దానికింకా టీకా లేదు. ఒకవేళ రోటాయే అనుకుందాం, ఈ చుక్కలు నూటికి నూరు ఆపుతాయని ఎవరూ చెప్పలేదు, తీవ్రమైన జబ్బును సగానికి పైగా ఆపుతాయి, అంతే. సగం తక్కువా? మన దేశంలో 31 ఆసుపత్రుల్లో 2016 నుంచి 2020 దాకా లెక్క తీస్తే, విరేచనాలతో చేరిన పిల్లల్లో రోటా ఉన్నవాళ్లు నూటికి 40 నుంచి 20కి పడిపోయారు. అంటే మా వాడు పడుకున్నలాంటి మంచాలు ఎన్ని ఖాళీ అయ్యాయో చూడండి. అదీ ఎలా తెలిసింది, లెక్క పెట్టారు కాబట్టి తెలిసింది.

పైగా ఆ చుక్కలు మన ఊరివే. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో అప్పుడే పుట్టిన పిల్లల్లో ఎలాంటి జబ్బూ తేకుండా ఉన్న ఒక రోటా వైరస్ దొరికింది, డాక్టర్ ఎం.కె. భాన్, ఆయన తోటివాళ్లు దాని మీద ఏళ్లకేళ్లు పనిచేశారు, అది చివరికి మన హైదరాబాద్ దగ్గరున్న జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ కంపెనీ చేతిలో రోటావాక్ అనే టీకా అయింది. 2016లో ప్రభుత్వ టీకాల్లో మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో పక్కనున్న ఆంధ్రప్రదేశ్ ఒకటి, దేశమంతా అందడానికి 2019 దాకా పట్టింది. టీకా తయారు చేసిన ఊళ్లోనే అది ఎంత పనిచేస్తోందో నెలనెలా చెప్పే లెక్క జనానికి అందకపోతే ఎలాగండీ?

ఆసుపత్రిలో ఇంకొకటి చూశాను. మా పక్క మంచం పిల్లాడు నిమ్ముతో వచ్చాడు, ఏడు నెలలవాడు, విరేచనాల్లేవు. మూడో రోజు పొద్దున వాడికీ మొదలయ్యాయి. ఆసుపత్రిలో చేరి రెండు రోజులు దాటాక మొదలైతే చాలావరకు అది ఆసుపత్రిలో అంటుకున్నట్టే లెక్కట. ప్రతి మంచం దగ్గరా శానిటైజర్ సీసా ఉంది, చేతులు కడుక్కునే సింక్ దగ్గర మాత్రం సబ్బు లేదు. నోరో వైరస్ మీద శానిటైజర్ సరిగా పనిచేయదు, సబ్బుతో చేతులు రుద్ది కడగాలి, మంచాన్ని, నేలను బ్లీచింగ్ కలిపిన నీళ్లతో తుడవాలి. వార్డులో తిరుగుతున్నది ఏ వైరస్సో తెలిస్తే ఆ సీసాల డబ్బుతో సబ్బులు కొని పెట్టేవాళ్లు కదా. ఆ పిల్లాడి తల్లి మూడు రోజులుగా కూర్చున్న చోటే నిద్రపోతోంది, ఇప్పుడు మళ్లీ మొదటికొచ్చింది. ఆమె ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక స్టీలు గ్లాసు నీళ్లలో కలిపేస్తుంటే పక్కనే ఉన్న ఆయమ్మ చూసి చేయి పట్టుకుని ఆపింది. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు. గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లాడికి ప్రాణం మీదికొస్తుంది. ఆమెను తప్పు పట్టను, నిద్ర లేని మనిషి, ప్యాకెట్ మీద అక్షరాలేమో చీమ తలకాయంత.

ఈ ఓఆర్ఎస్ చిన్న విషయం కాదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు బోన్‌గావ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించారు, నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు వచ్చాయి. సరైన పాళ్లలో చక్కెర ఉంటే అది పేగు గోడలోంచి ఉప్పును, నీటిని తనతో పాటు లోపలికి తీసుకుపోతుంది, ఇందులో ఉన్న కిటుకు అదే. చక్కెర ఎక్కువైతే పని తిరగబడి విరేచనాలు పెరుగుతాయి. అందుకే ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని అమ్మే తీపి డ్రింకుల మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు, 2025 అక్టోబరులో ఆ పేరు వాడొద్దని ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. ఆమె గురించి ఎంత చెప్పినా తక్కువే. మెడికల్ షాపులో అడిగేటప్పుడు ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి తీసుకోండి, వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచా చెంచాగా పట్టండి, ఒక్కసారిగా గ్లాసు పట్టొద్దు. నేను గంజితో పోగొట్టిన పూట నాకింకా గుర్తొస్తూనే ఉంది.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని నేను అనను. ఏటా వానాకాలంలో విరేచనాల మీద ప్రచారం పెడతారు, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ ఓఆర్ఎస్, జింక్ తెచ్చిస్తారు, మా వీధికీ వచ్చారు. వానలప్పుడు కలుషిత నీళ్లతో బ్యాక్టీరియా విరేచనాలు ఎక్కువ కాబట్టి అది సరైనదే. కానీ రోటా మన దగ్గర ఎక్కువగా విజృంభించేది చలి, పొడి వాతావరణం ఉన్న డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అప్పుడు మా వీధికి ఎవరూ రాలేదు, మా ఇంట్లో ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒక్కటీ లేదు. ఆ మూడు నెలల కోసం ఇంకో విడత పెట్టాలి. విరేచనాల కేసులు ఎన్నో వ్యాధి నిఘా విభాగానికి వారం వారం వెళ్తాయి, అందులో ఇది వైరస్సా, ఏ వైరస్, పిల్లాడి వయసెంత, రోటా డోసులు ఎన్ని పడ్డాయి, ఇంట్లోంచి తెచ్చుకున్నాడా వార్డులో అంటుకుందా అనేవి కూడా కలపాలి. ప్రతి పిల్లాడికీ పరీక్ష చేయమని అడగడం లేదు, అన్ని వైరస్‌లకూ పీసీఆర్ చేయాలంటే ఖర్చెక్కువని నాకూ తెలుసు. ఊళ్లో నాలుగు పెద్ద ఆసుపత్రులు ఎంచుకుని, వారానికి ఇన్ని శాంపిళ్లు అని పెట్టుకుని, ఏడాది పొడవునా ఆపకుండా చేస్తే చాలు. ఆ లెక్క నెలకోసారి మీ పేపర్లో డెంగీ పక్కనే వేయండి.

నాలుగు రోజుల్లో నాకు చేతనైంది నేను చేశాను. వార్డులో పద్నాలుగు మంచాలు, అందులో తొమ్మిది మంది వాంతులు, విరేచనాలతో వచ్చినవాళ్లే. తల్లుల్ని అడిగి మందుల బిల్లు వెనక పిల్లల వయసులు నెలల్లో రాసుకున్నాను: 6, 8, 9, 11, 11, 13, 14, 19, 26. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపే ఎక్కువని పుస్తకాల్లో ఏముందో ఇక్కడా దాదాపు అదే. వాళ్లలో ఇద్దరి తల్లులకు రోటా చుక్కల పేరే తెలియదు. మొదటి డోసు ఏడాది వయసు లోపే మొదలు పెట్టాలి కాబట్టి, ఆ ఇద్దరిలో ఎనిమిది నెలల పాపకు ఇంకా టైముంది. జబ్బు తగ్గాక దగ్గర్లోని బస్తీ దవాఖానాలో అడగమని ఆమెకు ఒక చీటీ రాసిచ్చాను. బిల్లు జిరాక్స్ ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను, పేర్లేవీ లేవు, వయసులు మాత్రమే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచర్,
నాచారం, హైదరాబాద్