మా తీరం దాటని తుపానుకూ లెక్క కట్టండి

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మేం సముద్రంలో చేపల వేట మీద బతికేవాళ్లం. తుపాను పేరుతో వేట ఆపిన రోజులకు భృతి ఇవ్వాలని, దూరపు తుపాను కెరటాలకు విరిగిన బోట్లకు నష్టం కట్టివ్వాలని అర్జీలు ఇచ్చాం, రసీదులు దాచుకున్నాం. పైకి పంపామన్న మాటే తప్ప జవాబు రాలేదు. అందుకే ఇక అందరి ముందూ రాస్తున్నాను.

2024 అక్టోబరులో వచ్చిన దానా తుపాను మీకు గుర్తుండే ఉంటుంది. వేటకు వెళ్లవద్దన్నారు, వెళ్లిన బోట్లను వెనక్కి రమ్మన్నారు. వచ్చేశాం. చివరికి అది ఒడిశాలో ధామ్రా దగ్గర తీరం దాటింది. 2021 డిసెంబరులో వచ్చిన జవాద్ అయితే తుపానుగా ఎక్కడా తీరం దాటలేదు, సముద్రంలోనే బలహీనపడి పూరీ వైపు మళ్లింది. రెండుసార్లూ మన రాష్ట్రానికి ముప్పు తప్పిందన్నారు. ప్రాణాల వరకు అది నిజమే. ఆ రోజుల్లో మా ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో మాత్రం ఎవరూ అడగలేదు.

హెచ్చరికలను తప్పుపట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ముంచిన తుపానులో వేటకు వెళ్లి తిరిగిరాని వాళ్ల కుటుంబాలు ఇప్పటికీ మా మధ్యే ఉన్నాయి. ఇప్పుడు నడిసముద్రంలో మేఘం సుడి తిరగడం మొదలుకాగానే ఉపగ్రహాలు పట్టేస్తున్నాయి. అల్పపీడనం వాయుగుండమైందని, అది తుపానుగా మారేలా ఉందని మాకు ముందే తెలుస్తోంది. ఆ పని చేస్తున్న శాస్త్రవేత్తలకు మేం రుణపడి ఉన్నాం. అంత దూరాన ఉన్నది ఏ జిల్లాలో తీరం దాటుతుందో నాలుగైదు రోజుల ముందు ఎవరూ కచ్చితంగా చెప్పలేరు కాబట్టి తీరమంతా వేట ఆపాల్సిందే. అదీ ఒప్పుకుంటాం. మరి ఆపిన రోజుల భారం మా ఒక్కరి మీదే ఎందుకు పడాలి?

వేటకు సిద్ధమైన బోటు ఆగిపోతే ఏమవుతుందో ఒక్కసారి వినండి. ఐసు అప్పటికే నింపి ఉంటుంది, అది కరిగి నీళ్లవుతుంది. డీజిల్ అప్పు మీద తెచ్చిందే. బోటులో పనిచేసే కళాసీలకు ఇచ్చిన అడ్వాన్సు వాళ్ల ఇళ్లలో ఖర్చయిపోయి ఉంటుంది, తిరిగి అడగడానికి మనసొప్పదు. సావుకారు వడ్డీ మాత్రం తుపాను ఉన్నా లేకున్నా ఆగదు. ఒక తుపాను పోయిందనుకుంటే అండమాన్ దగ్గర ఇంకో అల్పపీడనం మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాకు ఇదే వరస. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉన్న 61 రోజుల నిషేధానికి భృతి ఇస్తున్నారు, సంతోషం. ప్రభుత్వం ఆపిందనే కదా ఆ భృతి? తుపాను పేరుతో ఆపిందీ ప్రభుత్వమే. ఈ రోజులు ఆ లెక్కలోకి ఎందుకు రావు?

ఇంతకంటే పెద్ద బాధ కెరటాలది. తుపాను గంటకు పది పదిహేను కిలోమీటర్లు కదులుతుంటే అది పుట్టించిన పొడవాటి కెరటాలు అంతకు రెండింతలకు పైగా వేగంతో ముందే తీరానికి వచ్చేస్తాయి. మా దగ్గర ఆకు కదలదు, ఆకాశంలో చుక్కలు కనిపిస్తుంటాయి. అర్ధరాత్రి నీళ్లు బోట్ల వరసలోకి వస్తాయి. ఫైబర్ బోటు వెనక భాగం పైకి లేచి పక్క బోటు మీద పడుతుంది. ఇంజను బిగించిన చోట పగులుతుంది. కుప్పగా పెట్టిన వలలో ఇసుక కూరుకుపోయి పదిమంది పట్టి లాగినా కదలదు, కోసి తీయాల్సిందే. తెల్లవారాక నష్టం రాయించుకోవడానికి వెళ్తే మీ మండలం తుపాను ప్రభావిత జాబితాలో లేదంటారు. గాలి లేదు, వాన లేదు కాబట్టి తుపాను నష్టం కాదట. ఆ కెరటాన్ని పుట్టించింది తుపాను కాకపోతే మరేమిటి? ఉప్పాడ దగ్గర రోడ్డును, ఇళ్లను సముద్రం ఏళ్ల తరబడి కోసేస్తుంటే చూస్తూనే ఉన్నారు. అక్కడ కెరటం విరుచుకుపడ్డ ప్రతిసారీ తుపాను అక్కడే తీరం దాటిందా?

సాక్ష్యం కావాలంటే మీ దగ్గరే ఉంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఏ తీరానికి ఎప్పుడు ఎంత ఎత్తున కెరటాలు వస్తాయో ముందే ప్రకటిస్తోంది. మమ్మల్ని ఒడ్డున ఉంచడానికి పనికొచ్చిన ఆ ప్రకటన, మా నష్టం రాసే వేళ ఎందుకు పనికిరాదు? విపత్తు సాయం నిబంధనల్లో పడవలకు, వలలకు సాయం ఉందని మాకు తెలుసు. తుపాను ఎక్కడ తీరం దాటిందని అడగకండి, కెరటం ఎక్కడ కొట్టిందో చూడండి.

ఇంకొక్క మాట. ఒడ్డున ఉన్నవాడికి హెచ్చరిక ఫోనులో వస్తుంది. సిగ్నల్ అందనంత లోపల వలేసి ఉన్నవాడికి ఎలా వస్తుంది? 2017లో ఓఖీ తుపాను అప్పుడు కేరళ, తమిళనాడు మత్స్యకారులు అలాగే నడిసముద్రంలో చిక్కుకుని ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఉపగ్రహం ద్వారా సమాచారం అందుకునే పరికరాలు వచ్చాయి. అవి చిన్న బోట్లకూ చేరేలా చూడండి.

అయ్యా, మేం అడుగుతున్నది దానం కాదు. మీరు వెళ్లవద్దన్న రోజులకు భృతి ఇప్పించండి, దూరపు తుపాను కెరటం విరగ్గొట్టిన బోటును తుపాను నష్టంగా రాయించండి. వచ్చే అక్టోబరులోగా ఉత్తర్వు ఇప్పించండి. అది కుదరదంటే ఎందుకు కుదరదో రాతపూర్వకంగానైనా చెప్పండి.

ఇట్లు,
ఒక ఫైబర్ బోటు యజమాని