పగలంతా మా వీధిలోనే బస్సు

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది వనస్థలిపురంలో 30 అడుగుల రోడ్డు. పొద్దున ఆరున్నరకల్లా ఒక ప్రైవేటు ట్రావెల్స్ బస్సు వచ్చి మా గేటు పక్కన ఆగుతుంది, మళ్లీ కదిలేది రాత్రి ఎనిమిది దాటాకే. ఒక్కోరోజు దాని వెనకాల ఇంకోటి కూడా. విజయవాడ హైవే పక్కనే కదా, రాత్రంతా నడిచొచ్చిన బస్సులకు పగలు నీడా నీళ్లూ దొరికే చోటు మా కాలనీ లోపలి రోడ్లే అయిపోయాయి.

30 అడుగులంటే చాలానే ఉంది కదా అంటారు. ఇంటింటికీ గేటు ముందు ర్యాంపు ఉంటుంది, రెండు వైపులా కలిపి 8 అడుగులు దానికే పోతాయి. బస్సు వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు. ఎదురింటివాళ్ల కారు ఇంకో ఆరు. ఇక మిగిలేది ఏడున్నర అడుగులు, అందులోంచే స్కూలు ఆటో, పాల బండి, గ్యాస్ సిలిండర్ల బండి, సైకిలు నేర్చుకునే పిల్లలు అందరూ వెళ్లాలి. పొడవు చూస్తే 40 అడుగులు, అంటే 200 గజాల ఇంటి ముఖం కంటే ఎక్కువ. బస్సు వెనక నుంచి పిల్లాడు రోడ్డు మీదికొస్తే బండి నడిపేవాళ్లకు ఆఖరి క్షణం దాకా కనపడడు. డ్రైనేజీ మ్యాన్‌హోల్ మూత ఈ ఏడాది రెండుసార్లు పగిలింది.

ఇదంతా ఎలాగో సర్దుకుపోయాం. కానీ పోయిన నెల మా అమ్మ బాత్రూంలో జారిపడింది, తుంటి దగ్గర ఎముక విరిగింది. 108కి ఫోన్ చేస్తే పావుగంటలోనే వచ్చింది, తీరా వీధి మొదట్లోనే ఆగిపోయింది. ఆరోజు రెండు బస్సులున్నాయి, ఎదురుగా కార్లున్నాయి, అద్దాలు మడిచినా పట్టలేదు. స్ట్రెచర్ తోసుకొస్తే ర్యాంపుల మీద ఆమెకు ఒకటే కుదుపులు, ప్రతి కుదుపుకీ ఆమె నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో నాకే తెలుసు. అదే ఏ గుండెపోటో, ఏ అగ్నిప్రమాదమో అయితే? ఫైరింజన్‌కు మా వీధిలోకి వచ్చే దారే ఉండదు.

డ్రైవర్ల మీద నాకు కోపం లేదు. రాత్రంతా నిద్ర లేకుండా నడిపిన మనిషి లగేజీ డిక్కీలో దుప్పటి పరుచుకుని, తలుపు సగం పైకెత్తి, ఎండలో పడుకుంటాడు. ఆ మనిషి మళ్లీ రాత్రికి నలభై మందిని తీసుకెళ్లాలి. వాళ్లకు బాత్రూం లేదు, స్నానానికి చోటు లేదు, అవసరమైతే బస్సు చాటుకే వెళ్తారు, మా ఆడవాళ్లం కిటికీలు మూసుకోవాల్సిందే. బస్సు నిలిపే యార్డుకు కట్టాల్సిన అద్దెను ఓనరు మిగుల్చుకుంటున్నాడు, ఆ మిగులు బరువు ఇటు డ్రైవరు మీదా అటు మా మీదా పడుతోంది.

చట్టం లేక కాదు. మోటారు వాహనాల చట్టం, 1988లో 122వ సెక్షన్ ఇతరులకు ప్రమాదంగా, అడ్డంగా బండి నిలపకూడదంటుంది. 127వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో 10 గంటలు, ఆపైన ఎవరూ లేకుండా వదిలేసిన బండిని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అక్కడి నుంచి తీయించొచ్చు, చక్రం కదలకుండా క్లాంప్ వేయించొచ్చు. మా బస్సు 13 గంటలకు పైనే ఉంటుంది. కానీ లోపల క్లీనర్ పడుకుని ఉంటాడు కాబట్టి అది వదిలేసిన బండి కిందకు రాదట, ఫిర్యాదు చేస్తే మాకు వచ్చిన జవాబు ఇది. ఇంకోసారి గట్టిగా అడిగితే బస్సును పక్క వీధికి మార్పించారు, అక్కడివాళ్లు అరిస్తే నాలుగో రోజుకు మళ్లీ మా దగ్గరికే వచ్చింది. స్కూటర్లు ఎత్తుకెళ్లే క్రేన్‌తో 12 మీటర్ల బస్సును ఏం లాగుతారు?

అదే 127వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది, పార్కింగ్ నిషేధించిన చోట నిలిపితే 10 గంటల లెక్కే అక్కర్లేదు. కాబట్టి కాలనీల్లో 40 అడుగుల లోపు రోడ్ల మీద బస్సులు, లారీలు, ట్యాంకర్లు నిలపకూడదని అధికారికంగా ఉత్తర్వు ఇచ్చి, ప్రతి వీధి మొదట్లో బోర్డు పెట్టాలి. సరుకు దించడానికో, ఇల్లు మారేవాళ్లకో ఓ రెండు గంటలు వెసులుబాటు ఇవ్వండి, దానికి ఎవరూ కాదనరు. సొంతానికి ట్రాలీ ఆటో ఉంచుకున్న చిన్నవాళ్ల జోలికి మాత్రం పోవద్దు, అది వాళ్ల బతుకుతెరువు, పైగా అది కారంత చోటులోనే పడుతుంది.

ఇక బస్సులు ఎక్కడ ఆగాలో కూడా చెప్పాలి. స్థానిక సంస్థను సంప్రదించి పార్కింగ్ స్థలాలు నిర్ణయించే అధికారం 117వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. పెద్దఅంబర్‌పేట దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డుకు ఆనుకుని ఒక యార్డు చూసి, అందులో బాత్రూములు, డ్రైవర్లు పడుకోవడానికి ఫ్యాన్లున్న హాలు కట్టించి, అద్దె ఓనర్ల దగ్గర వసూలు చేయాలి. పర్మిట్ రెన్యువల్ చేసేటప్పుడు పగలు బస్సు ఎక్కడ పెడతారో చూపించమని రవాణా శాఖ అడిగితే సగం సమస్య అక్కడే తీరుతుంది.

అమ్మను వచ్చే వారం చెకప్‌కి తీసుకెళ్లాలి, వాకర్‌తో పది అడుగులు వేయడమే కష్టంగా ఉంది. మా వీధిలో 31 ఇళ్లవాళ్లం సంతకాలు పెట్టి మున్సిపల్ ఆఫీసులో, ట్రాఫిక్ పోలీసులకు అర్జీ ఇచ్చాం. దాని నకలు ఈ లేఖతో జతచేస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
వనస్థలిపురం, హైదరాబాద్