కరెంటు పోయి వచ్చాక మన టోకెన్ పెట్టెలు ఎందుకు ఆగిపోయాయంటే

మా కస్టమర్లందరికీ నమస్కారం. తిరుపతి, చంద్రగిరి, పుత్తూరు క్లినిక్కులలో మేము అమర్చిన టోకెన్ డిస్‌ప్లే పెట్టెలు కొన్ని, ఈ వేసవిలో కరెంటు పోయి వచ్చాక తెర నల్లగానే ఉండిపోయి, మళ్ళీ పనిచేయలేదు. మెమరీ కార్డు పాడైందని చెప్పి మీలో కొందరికి డబ్బు తీసుకొని కార్డు మార్చాము. ఆ మాట తప్పు. లోపం మా పనిలోనే ఉంది.

బాలాజీ కాలనీ నుంచి వచ్చిన ఒక పెట్టెను కొర్లగుంటలోని మా షాపులో విప్పి, సీరియల్ కేబుల్ తగిలించి చూస్తే, 'బ్యాడ్ సీఆర్‌సీ, యూజింగ్ డిఫాల్ట్ ఎన్విరాన్‌మెంట్' అనే వరుస కనబడింది. అంటే, దాచిన సెట్టింగులు చెడాయి, ముందే ఉన్నవి వాడుతున్నాను అని. పెట్టెను నడిపే లినక్స్ కంటే ముందు లేచి, దాన్ని లేపే చిన్న ప్రోగ్రాము, అంటే బూట్‌లోడర్, యూ-బూట్. అది తన సెట్టింగులతోపాటు అవి చెడలేదని సరిచూసుకునే సీఆర్‌సీ సంఖ్యను కూడా కార్డులో దాచుకుంటుంది. మేము పెట్టె స్టార్టయిన ప్రతిసారీ అక్కడ రాయించేవాళ్ళం కనుక, సరిగ్గా రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఆ సంఖ్య సరిపోలక, యూ-బూట్ తనలో ముందే ఉన్న సెట్టింగులకు మళ్ళేది. అవి బోర్డుతో వచ్చిన రెడీమేడ్ ఫైలులోనివి. మన కెర్నల్ (లినక్స్‌లోని ముఖ్య భాగం) ఎక్కడుందో వాటిలో లేదు. ఆ ఫైలును పరిశీలించకుండానే మీకు అమ్మాము.

ఇప్పుడు యూ-బూట్‌ను సోర్సు (మూల కోడు) నుంచి మేమే కంపైల్ చేశాము, అంటే చిప్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చాము. పెట్టెలోని ఆర్మ్ రకం చిప్ కోసం పీసీలో కోడు తయారుచేసే క్రాస్ కంపైలర్ పేరు ఇవ్వడం మరిచి 'మేక్' కమాండు కొట్టినందుకు, పీసీ కంపైలరే ఆర్మ్ కోడును అందుకొని మొదట్లోనే ఎర్రర్ ఇచ్చింది. అది సరిచేశాక కంపైల్ కొద్ది నిమిషాల పనే. రోజులు పట్టింది మాత్రం కాన్ఫిగరేషన్‌కు. మా బోర్డు డెఫ్‌కాన్ఫిగ్‌తో (ముందే సిద్ధంగా ఉన్న ఎంపికల ఫైలు) మొదలుపెట్టి, మెనూకాన్ఫిగ్ అనే ఎంపికల మెనూలో సెట్టింగులకు రెండు ప్రతులు ఉండేలా పెట్టాము, ఒకటి చెడితే రెండోది అందుకుంటుంది. రెండూ చెడినా పెట్టె లేచేందుకు, కెర్నల్‌ను లేపే బూట్ కమాండును యూ-బూట్ లోపలే చేర్చాము. ప్రతిసారీ రాయడం మానేశాము. సెట్టింగులు రాస్తుండగానే ప్లగ్ లాగుతూ రెండు రోజులు పరీక్షించాకే ఈ విషయం మీకు చెబుతున్నాము.

పెట్టెలోని ఆల్విన్నర్ హెచ్3 చిప్, కార్డు మొదలు నుంచి 8 కేబీ దగ్గర బూట్‌లోడర్ కోసం వెతుకుతుంది. అక్కడ రాస్తుండగా కరెంటు పోతే పెట్టె అసలే లేవదు కాబట్టి, కొత్త యూ-బూట్ ఎక్కించే పనిని ఇంటర్నెట్ ద్వారా చేయము. దయచేసి పెట్టెను షాపుకు పంపండి, లేదా మేమే క్లినిక్ మూసిన తరువాత వస్తాము. ఖర్చు మాదే. కార్డుకు తీసుకున్న డబ్బు కూడా ఆ రోజే తిరిగి ఇస్తాము. యూ-బూట్, ప్రోగ్రాము పొందిన వారికి సోర్సు కూడా అందాలనే జీపీఎల్ లైసెన్సు కింద వచ్చినది కనుక, సోర్సు, మా కాన్ఫిగ్ ఫైలు అడిగిన వారికి పెన్‌డ్రైవ్‌లో ఇస్తాము.