సైనికుడి జీతానికి శాశ్వత చట్టం ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో షట్‌డౌన్ (నిధుల బిల్లు ఆమోదం కాక ప్రభుత్వ కార్యాలయాలు మూతపడటం) అనగానే మన పత్రికల్లో వీసాలు, విమానాలు, షేర్ మార్కెట్ గురించి పేజీల కొద్దీ వస్తుంది. అక్కడి సైనికుల జీతాల సంగతి మాత్రం ఏ మూలో రెండు లైన్లలో అయిపోతుంది. నేను భారత నౌకాదళంలో పనిచేసి రిటైరై విశాఖలో ఉంటున్నాను. మా తమ్ముడి కొడుకు అక్కడే పుట్టి పెరిగి అమెరికా నేవీలో చేరాడు. వాడి కుటుంబం వర్జీనియాలోని నార్‌ఫోక్‌లో ఉంటుంది. 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా నడిచిన 43 రోజుల షట్‌డౌన్ మా అందరికీ పెద్ద టెన్షన్‌గానే గడిచింది.

అక్కడ సైనికులకు జీతం నెలకు రెండుసార్లు, 1వ తేదీన, 15వ తేదీన పడుతుంది. ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు 30తో ముగుస్తుంది. ఆలోగా అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్ నిధుల బిల్లు ఆమోదించకపోతే ఖజానా నుంచి డబ్బు తీయడానికి రాజ్యాంగం ఒప్పుకోదు. 1980కి ముందు బిల్లు కాస్త ఆలస్యమైనా ఆఫీసులు ఎలాగోలా నడిచేవి. ఆ ఏడాది అప్పటి అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి, నిధులు లేకుండా పని చేయించడం చట్టవిరుద్ధమని తేల్చాక తాళాలు పడటం మొదలైంది. ప్రాణాలకు, ఆస్తులకు రక్షణ కల్పించే పనులకు మాత్రం మినహాయింపు ఉంది. సైన్యం ఆ మినహాయింపులోకే వస్తుంది. కాబట్టి డ్యూటీ ఆగదు, జీతం మాత్రం ఆగిపోతుంది.

మామూలు ఉద్యోగికి ఒళ్లు మండితే సెలవు పెడతాడు, మరీ కాదనుకుంటే రాజీనామా ఇస్తాడు. యూనిఫాంలో ఉన్నవాడు అలా చేస్తే కోర్టు మార్షలే. పై అధికారి అనుమతి లేకుండా బయట ఇంకో పని చూసుకోవడానికీ వీల్లేదు. కొత్తగా చేరిన కుర్రాడి బేసిక్ 2025లో నెలకు సుమారు 2,300 డాలర్లు. ఇంటి అలవెన్స్ వేరే ఉంటుంది కానీ జీతంతో పాటు అదీ ఆగుతుంది.

అక్టోబరు 15 దగ్గర పడుతున్న రోజుల్లో మా కోడలు ఫోన్ చేసింది. చంటిపిల్ల డేకేర్ ఫీజు వారం వారం కట్టాలి. ఇంటి అద్దెకు గడువు నెల మొదట్లోనే. క్రెడిట్ యూనియన్ (సహకార బ్యాంకు లాంటిది) వాళ్లు వడ్డీ లేకుండా జీతమంత అప్పు ఇస్తామన్నారట, జీతం పడగానే తిరిగి కోసుకుంటారు. "మామయ్యగారూ, ఆయన షిప్ నుంచి ఫోన్ దొరికినప్పుడల్లా ముందు అడుగుతున్నది డబ్బులు పడ్డాయా అనే. పాప సంగతి ఆ తర్వాత" అంది. నేనూ నెలల తరబడి సముద్రం మీద ఉన్నవాణ్ణే. ఇంటి మీద బెంగ ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇల్లు గడుస్తుందా అన్న భయం మాత్రం సర్కారు వల్ల నాకెప్పుడూ కలగలేదు.

ఆ 15న జీతం పడింది. ఎలా పడిందన్నదే నాకు అభ్యంతరం. రక్షణ శాఖలో పరిశోధన, అభివృద్ధికని కేటాయించి ఇంకా ఖర్చు పెట్టని సుమారు 800 కోట్ల డాలర్ల నిధిని జీతాలకు వాడమని అధ్యక్షుడు ట్రంప్ ఆదేశించారు. నెలాఖరు జీతానికి మళ్లీ వేరే పద్దులు వెతికారు. మధ్యలో పేరు చెప్పని దాత ఒకరు 13 కోట్ల డాలర్లు విరాళమిచ్చారని ప్రకటన వచ్చింది. యాక్టివ్ డ్యూటీలో ఉన్నవాళ్లు సుమారు 13 లక్షల మంది. తలా 100 డాలర్లు. దాత మనసు మంచిదే కావచ్చు. కానీ ఒక దేశం తన సైన్యానికి జీతమివ్వడానికి విరాళం పుచ్చుకునే స్థితి రాకూడదు. అధ్యక్షుడు తలచుకుంటే పడే జీతం, తలచుకోకపోతే ఆగిపోయే జీతం అయినప్పుడు సైనికుడు ఎవరికి రుణపడి ఉన్నట్టు? పార్లమెంటు ఒక పనికి ఇచ్చిన డబ్బును సర్కారు ఇంకో పనికి మళ్లించడం అలవాటైతే సైన్యానికీ మంచిది కాదు, ప్రజాస్వామ్యానికీ మంచిది కాదు.

దారి లేదా అంటే ఉంది. 2013లో షట్‌డౌన్ మొదలయ్యే ముందు సైనికుల జీతాలు ఆగకుండా ఒక చట్టం చేశారు. కాంగ్రెస్ దిగువ సభ అయిన ప్రతినిధుల సభలో 423 మంది అవునన్నారు, ఒక్కరూ కాదనలేదు. సెప్టెంబరు 30న ఒబామా సంతకం పెట్టారు. అయితే అది ఆ ఒక్క ఆర్థిక సంవత్సరానికే. పైగా తొందరలో చేసిన చట్టం కదా, విధి నిర్వహణలో చనిపోయిన సైనికుల కుటుంబాలకు వెంటనే ఇవ్వాల్సిన లక్ష డాలర్లు దాని పరిధిలోకి రాలేదన్నారు. శవపేటిక ఇంటికి వచ్చింది, డబ్బు రాలేదు. ఫిషర్ హౌస్ అనే స్వచ్ఛంద సంస్థ మేమిస్తామని ముందుకొచ్చింది. తర్వాత పది రోజుల్లోపే ఇంకో చట్టం చేసి సర్దారు. ఇది చదివినప్పుడు నాకు వచ్చినంత కోపం మరి దేనికీ రాలేదు.

2018 డిసెంబరులో మొదలైన 35 రోజుల షట్‌డౌన్‌లో రక్షణ శాఖకు నిధులు ముందే అందాయి. కోస్ట్ గార్డ్ (తీర రక్షక దళం) మాత్రం దేశ అంతర్గత భద్రత చూసే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కింద ఉంది. ఆ ఒక్క కారణంతో 2019 జనవరి 15న సుమారు 42,000 మందికి జీతం పడలేదు. జీతం లేకుండానే బెర్తోఫ్ అనే నౌక అలమీడా నుంచి పశ్చిమ పసిఫిక్‌కు బయలుదేరింది. ఒడ్డున వాళ్ల కుటుంబాలు ఉచితంగా సరుకులిచ్చే చోట క్యూ కట్టాయి. ఇంట్లో పాత సామాను అమ్ముకోండి, పిల్లల్ని చూసుకునే పని చేయండి, కుక్కల్ని వాకింగ్‌కి తీసుకెళ్లండి అంటూ కోస్ట్ గార్డ్ సహాయ విభాగమే సలహాల కాగితం ఇచ్చింది. విమర్శలు వచ్చాక తీసేసింది.

సైనికుల జీతాన్ని షట్‌డౌన్ నుంచి మినహాయిస్తే దాన్ని ముగించాలన్న ఒత్తిడి తగ్గిపోతుందని కొందరి వాదన. నేను ఒప్పుకోను. 2019లో కోస్ట్ గార్డ్ జీతం ఆగిన తర్వాత కూడా పది రోజులు బేరాలు సాగాయి. చివరికి ముగిసింది ఎప్పుడు? జీతం లేని ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు చాలినంత మంది లేక న్యూయార్క్ లాగార్డియా విమానాశ్రయంలో విమానాలు నిలిచిపోయిన రోజున. అంటే సైనికుడి ఇంట్లో పొయ్యి వెలగకపోవడం నాయకుల్ని కదిలించలేదు. కదిలించని బాధను వాళ్ల మీద రుద్దడం ఎందుకు?

మన రాజ్యాంగంలోనూ చట్టం లేకుండా ఖజానా నుంచి పైసా తీయకూడదనే ఉంది. కానీ 116వ అధికరణం కింద ఓట్ ఆన్ అకౌంట్ ఉంది, అంటే పూర్తి బడ్జెట్ ఆమోదం పొందేలోగా ఖర్చులకు పార్లమెంటు ముందుగా ఇచ్చే అనుమతి. 1991 మార్చిలో చంద్రశేఖర్ ప్రభుత్వం రాజీనామా చేసినప్పుడు నేను సర్వీసులో ఉన్నాను. దేశం అప్పుల్లో కూరుకుపోయి ఉంది, పూర్తి బడ్జెట్ లేదు. అయినా పార్లమెంటు ఓట్ ఆన్ అకౌంట్ ఆమోదించాకే లోక్‌సభ రద్దయింది. జీతం ఆగుతుందేమోనన్న ఆలోచనే మా మెస్‌లో ఎవరికీ రాలేదు. అమెరికా పద్ధతి వేరు, మనది వేరు, నిజమే. ఒక్క పద్దునైనా ఇలా కాపాడుకోవడానికి పద్ధతి అడ్డం రాదు.

2025 సెప్టెంబరులో వర్జీనియా రిపబ్లికన్ సభ్యురాలు జెన్ కిగ్గన్స్ సైనికుల జీతాల కోసం బిల్లు పెట్టారు. షట్‌డౌన్‌ను ముగించిన రోజు దాకా ప్రతినిధుల సభ ఓటింగ్‌కు సమావేశమే కాలేదు, బిల్లు అలాగే ఉండిపోయింది. ఈసారి చేసే చట్టం ఒక ఏడాదికి పరిమితం కాకూడదు. నిధుల బిల్లు ఆగిన మరుక్షణం దానంతట అదే అమల్లోకి రావాలి. కోస్ట్ గార్డ్ పేరు అందులో విడిగా రాయాలి. మరణ పరిహారం ఉండాలి. యుద్ధనౌకలు బాగుచేసే, ఆసుపత్రులు నడిపే సివిలియన్ సిబ్బందినీ చేర్చాలి. వాళ్లు లేనిదే ఏ నౌకా రేవు దాటదని నౌకాదళంలో పనిచేసిన ఎవరైనా చెబుతారు.

వర్జీనియా, టెక్సాస్, న్యూజెర్సీల్లో ఓటు హక్కున్న తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. మీ పత్రికను ఆన్‌లైన్‌లో చదివేవాళ్లు వాళ్లలో చాలామందే ఉంటారు. వాళ్లకు నా విన్నపం. మీ నియోజకవర్గం ప్రతినిధి ఆఫీసుకు ఫోన్ చేయండి, మీరు ఏ పార్టీ అయినా సరే. సైనికుల జీతాల శాశ్వత చట్టానికి ఓటేస్తారా లేదా అని సూటిగా అడగండి. సెప్టెంబరు 30 ముంచుకొచ్చాక అడిగితే మళ్లీ ఆ ఏటికి సరిపడా ముక్కే చేతిలో పెడతారు. ఇప్పుడే అడగండి.

ఇట్లు,
నౌకాదళ విశ్రాంత ఉద్యోగి,
విశాఖపట్నం