మిడి ఫైల్‌ని తిట్టే ముందు ఒకసారి తెరిచి చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంట్లోనే సంగీతం చేసుకోవడం గురించి మీ టెక్నాలజీ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. బాగుంది గానీ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. మిడి ఫైల్ దింపుకుని సాఫ్ట్‌వేర్‌లోకి లాగి వదిలితే చాలు, పాట సిద్ధం అన్నట్టు రాశారు. సరిగ్గా అదే నమ్మి నేను ఒక రాత్రి నిద్ర పాడుచేసుకున్నాను కాబట్టి ఈ ఉత్తరం.

ముందు అసలు విషయం. మిడి ఫైల్‌లో శబ్దం ఉండదు. ఏ స్వరం ఎప్పుడు మొదలైంది, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, పెడల్ ఎక్కడ తొక్కారు, ఇలాంటి సూచనలే ఉంటాయి. మూడు నిమిషాల పాట సీడీ నాణ్యతలో ఆడియోగా 30 ఎంబీ దాకా ఉంటే, మిడిగా మామూలుగా కొన్ని పదుల కేబీలే ఉండేది అందుకే. వాయించేది మన కంప్యూటర్‌లో ఉన్న వాయిద్యం. అది బొమ్మ కీబోర్డులా మోగితే మిడి సౌండ్ బాగోదు అనేస్తారు, చదివినవాడి గొంతు బాగోలేదని ఉత్తరం రాసినవాణ్ణి తిట్టినట్టు.

ఇక ఆ రాత్రి సంగతి. డ్రమ్స్, బేస్, కార్డ్స్ అన్నీ చక్కగా ఉన్నాయి, లీడ్ ట్రాక్ మాత్రం జారుడు వచ్చిన ప్రతిచోటా శ్రుతి తప్పుతోంది. ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌లో వాయిద్యంలా మోగే ప్రోగ్రామ్) మార్చాను, ఇంకోటి మార్చాను, ట్రాన్స్‌పోజ్ చేసి, అంటే స్వరాలన్నీ పైకీ కిందకీ జరిపి చూశాను, చివరికి ఫైల్ చేసినవాడికి చెవులు లేవని తేల్చేసి, కోపంతో ఫైల్‌లోని సూచనలన్నీ వరసగా చూపే ఈవెంట్ లిస్ట్ తెరిచాను. తప్పు అతనిది కాదు. కీబోర్డు పక్కనుండే చక్రంతో స్వరాన్ని జార్చే పిచ్ బెండ్ విలువ 0 నుంచి 16383 దాకా ఉంటుంది, మధ్యలో 8192. ఆ అంకె చక్రాన్ని ఎంత దూరం తోశారో మాత్రమే చెబుతుంది, అంత దూరానికి స్వరం ఎన్ని మెట్లు ఎక్కాలో నిర్ణయించేది అందుకునే వాయిద్యం. చాలావాటిలో మొదట ఉండేది పైకి 2, కిందకి 2 సెమిటోన్లు (పక్కపక్క స్వరాల మధ్య మెట్లు). ఆ ఫైల్ చేసినాయన 12 పెట్టుకుని చేశాడు. అంటే రెండు సెమిటోన్లు జారాల్సిన చోట నా దగ్గర మూడో వంతు సెమిటోన్ జారుతోంది! ఫైల్ మొదట్లోనే రేంజ్‌ని 12 చేసుకోమని ఒక ఆర్‌పీఎన్ సందేశం (వాయిద్యం సెట్టింగు మార్చే సూచన) ఉంది పాపం, నా ప్లగిన్ దాన్ని పట్టించుకోలేదు. చేత్తో 2 తీసి 12 పెట్టాను, అయిపోయింది. అప్పటికి తెల్లవారుతోంది.

డ్రమ్స్‌లోనూ ఇలాంటి తకరారే. ఏ నంబర్‌కి ఏ వాయిద్యమో అందరికీ ఒకేలా ఉండాలని 1991లో వచ్చిన జనరల్ మిడి పద్ధతి ప్రకారం డ్రమ్స్ పదో ఛానల్, కిక్ 36వ నంబర్ స్వరం, స్నేర్ 38, మూసిన హైహ్యాట్ 42. కానీ ఇప్పుడు కొన్ని డ్రమ్ ప్లగిన్లు ఎవరి అమరిక వాళ్లదే పెట్టుకుంటున్నాయి, కిక్ పడాల్సిన చోట సింబల్ పగులుతుంది. స్వరాలు ఒక్కొక్కటీ లాక్కుంటూ కూర్చోకండి, ప్లగిన్‌లో జనరల్ మిడి మ్యాప్ ఉందేమో ముందు వెతకండి, చాలాసార్లు ఉంటుంది. అలాగే 60వ నంబర్ స్వరాన్ని ఒక సాఫ్ట్‌వేర్ సీ3 అంటుంది, ఇంకోటి సీ4 అంటుంది. పేరు తేడా అంతే, స్వరం అదే. అది చూసి ట్రాక్ మొత్తాన్ని ఒక ఆక్టేవ్ (స్థాయి) జరిపేసి, బేస్ ఎక్కడికి పోయిందని వెతుక్కున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

వాల్యూమ్ జరిపే ఫేడర్ తగ్గిస్తే ప్లే నొక్కగానే వాల్యూమ్ మళ్లీ పైకి లేస్తుందా? దెయ్యం కాదు, ఫైల్‌లో కంట్రోలర్ 7 అనే వాల్యూమ్ సూచన కూర్చుని ఉంటుంది. తీసేయండి.

నాకు నిజంగా బాధ కలిగించేది మాత్రం టెంపో (పాట వేగం), క్వాంటైజ్ (స్వరాలను తాళం గీతల మీదకి లాగడం) వ్యవహారం. ఫైల్ తన టెంపోని తనే మోసుకొస్తుంది, ఏమీ రాసి లేకపోతే నిమిషానికి 120 బీట్లు అనుకోవాలి. అప్పటికే తెరిచి ఉన్న ప్రాజెక్టులోకి లాగితే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫైల్ టెంపోని తీసుకోవాలా అని అడుగుతాయి, కొన్ని చప్పుడు చేయకుండా వదిలేస్తాయి, మనం ఆ వేగమే అసలు వేగం అనుకుంటాం. పైగా క్లిక్ (తాళం చూపే టిక్‌టిక్ శబ్దం) లేకుండా మనసుకి వచ్చినట్టు వాయించిన ఫైలైతే స్వరాలు గీతల మీద ఉండవు. ఉండక్కర్లేదు కూడా. కానీ చేతికి ఊరుకోబుద్ధి కాదు కదా, అన్నీ సెలెక్ట్ చేసి వంద శాతం క్వాంటైజ్ కొట్టేస్తాం. ఒక మనిషి కాస్త వెనక్కి వాలి వాయించిన పియానో క్షణంలో కుట్టుమిషన్ అయిపోతుంది, కొన్ని స్వరాలు దగ్గరున్న తప్పు గీతకి అతుక్కుని తాళమే మారిపోతుంది. ముందు టెంపో మ్యాప్‌ని (ఎక్కడ ఎంత వేగమో చెప్పే పట్టిక) వాయింపుకి తగ్గట్టు సరిచేయండి. అప్పటికీ సర్దాల్సి వస్తే 50, 60 శాతం చాలు, అదీ వినబడేంత తప్పు ఉన్నచోటే. వెలాసిటీలు (ఎంత గట్టిగా నొక్కారో చెప్పే అంకెలు) అన్నీ 100 అని ఉంటే మాత్రం మౌస్‌తో పెట్టిన ఫైలేమో అని అనుమానించవచ్చు, దాన్ని ఎంత సర్దినా పాపం లేదు.

ఇదంతా చదివి మిడి అంటే తలనొప్పి అనుకునేరు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ అనే సంగీత వాయిద్యాల ప్రదర్శనలో రెండు వేరు వేరు కంపెనీల సింథసైజర్లు, ఒక ప్రాఫెట్ 600, ఒక జూపిటర్ 6, ఒకే తీగతో మాట్లాడుకున్నాయి. ఫైల్ పద్ధతి 1988లో ఖరారైంది. అప్పటి ఫైల్ ఇవాళ్టి సాఫ్ట్‌వేర్‌లోనూ తెరుచుకుంటోంది. అప్పట్లో చేసిన ప్రాజెక్టు ఫైళ్లు ఎన్ని తెరుచుకుంటాయి చెప్పండి?

కాబట్టి ఫైళ్లు చేసి పంచే మిత్రులకి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. పక్కన చిన్న టెక్స్ట్ ఫైల్ పెట్టండి బాబూ: బెండ్ రేంజ్ ఎంత, డ్రమ్ మ్యాప్ ఏది, క్లిక్‌తో వాయించారా లేదా. మూడు లైన్లు. మీ వ్యాసకర్త మళ్లీ ఈ విషయం మీద రాస్తే ఆ మూడు లైన్ల గురించి కూడా రాయమనండి.

ఇట్లు,
ఆ రాత్రి నిద్రపోని మీ పాఠకుడు